నాచారంలో తొమ్మిది నిమిషాలు

ఏడు గుర్రాల తేరును ఒక్క పూటైనా ఆలస్యం చేయక తోలుకొని వచ్చే కర్మసాక్షికి నమస్కారం. విఘ్నాలను కల్పించేవాడూ, వాటిని తొలగించేవాడూ తానే అయిన గణనాథుడికి మరొక నమస్కారం. ఈ యాత్రలో ఆయన ఆ రెండు పనులూ శ్రద్ధగా నెరవేర్చాడు. ఫాల్గుణ శుద్ధ షష్ఠి, సోమవారం నాటికి భాగ్యనగరపు తూర్పు కొసన ఉన్న ఉప్పల్ చేరి, ద్వాదశి నాటికి మళ్ళీ రేపల్లెలో నా అరుగు మీద కూర్చున్న నేను, ఆ నడిమి దినాలలో చూసినదీ, తిన్నదీ, తప్పినదీ ఆ వైపు వెళ్ళని వారి కోసం రాస్తున్నాను.

నేను ముప్పై రెండేళ్ళు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. మా తండ్రిగారి వల్ల అబ్బిన రెండవ విద్య పంచాంగ గణితం. ఏ పుస్తకాన్నీ నమ్మక, తిథి నక్షత్రాలనూ లగ్నాలనూ స్వయంగా లెక్క కట్టి నోటు పుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. నా అక్కగారి కుమారుడు ప్రభాకరం నాచారంలో చిన్న కర్మాగారం నడుపుతున్నాడు. మందుల సంస్థలు పంపే మాత్రలను పదేసి చొప్పున రేకు షీట్లలో బిగించి ఇవ్వడం అతని వృత్తి. జర్మనీ దేశం నుండి కొత్త యంత్రం వచ్చింది, దాన్ని నడిపించే ముహూర్తం మీరే పెట్టాలి, దగ్గరుండి మీరే జరిపించాలి అని అతడు పట్టుపట్టాడు. ఆ విధంగా ప్రయాణం కట్టాను.

ఉప్పల్ కూడలి

ఉదయం ఎనిమిది గంటలకు మెట్రో మెట్ల దగ్గర ఉంటానని ప్రభాకరం మాట ఇచ్చాడు. నేను ఎనిమిదికి ఐదు నిమిషాల ముందే చేరి, సంచి మీద కూర్చున్నాను. తల మీద రైళ్ళు వచ్చేవి, వెళ్ళేవి. తర్వాతి రైలు ఎన్ని నిమిషాలలో వస్తుందో పలక మీద చూపేవారు. ఆ అంకె సున్నా అయ్యేసరికి రైలు నిజంగానే పైన నిలిచేది. మనవాళ్ళు నడిపే బండ్లే ఇంత నికరంగా ఉండగా మనవాళ్ళకేమైందో అనుకుంటూ ఒక టీ తాగాను. పదిహేను రూపాయలు. గ్లాసు మా ఊరి గ్లాసులో సగం, రుచి రెండింతలు.

తొమ్మిది దాటింది. పక్కనే ఆటో నిలుపుకొన్న మనిషి నన్ను చాలాసేపటి నుండి గమనిస్తున్నాడు.

“పెద్దాయనా, ఎవల కోసం?”

“మా మేనల్లుడి కోసం. ఎనిమిదింటికి వస్తానన్నాడు.”

“ఫోన్ జేసినవా?”

“చేశాను. వచ్చేశాను అన్నాడు.”

ఆటో మనిషి నా వంక జాలిగా చూశాడు. “వచ్చేసిన అన్నడంటే ఇంకా స్నానం జేస్తున్నడు. బయల్దేరిన అంటే చెప్పులు దేవులాడుతున్నడు. దగ్గర్నే ఉన్న అంటే అప్పుడు బండి స్టార్ట్ జేసిండన్నట్టు. నువ్వేం ఫికర్ జెయ్యకు. ఇంకో టీ తాగు.”

ఈ నిఘంటువు నాకు కొత్తదేమీ కాదు. మా రేపల్లెలో కూడా పెండ్లి భోజనానికి పన్నెండు అంటే విస్తళ్ళు రెండింటికి వేస్తారు. అయితే అక్కడ ఆలస్యానికి వచ్చినవాడు వానో ఎండో ఏదో ఒక కారణం చెబుతాడు. ఇక్కడ ప్రభాకరం తొమ్మిదింబావుకు వచ్చి, కారణం చెప్పలేదు సరికదా, “టిఫిన్ చేశారా మావయ్యా? రండి, ఇక్కడ ఇడ్లీ బ్రహ్మాండంగా ఉంటుంది” అని నన్ను చేయి పట్టి లేవదీశాడు. వాడి ముఖంలో అంత సంతోషం చూశాక కోపం తెచ్చుకోవడానికి నాకు తావు దొరకలేదు.

కారులో అసలు సంగతి చెప్పాడు. యంత్రాన్ని బిగించడానికి జర్మనీ ఇంజనీరు వచ్చి ఉన్నాడు. అతడు శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళిపోతాడు. ఆలోగా యంత్రం అతని కళ్ళ ఎదుట ఒక గంట ఆగకుండా నడవాలి. నడిస్తేనే అంగీకార పత్రం మీద సంతకం పెడతాడు. ఆ పత్రమూ, ఆ గంటలో వచ్చిన నమూనా షీట్లూ సోమవారానికి ఒక మందుల సంస్థకు చేరాలి. చేరకపోతే వారు పనిని మరొకరికి ఇచ్చేస్తారు. ఇంజనీరు మళ్ళీ ఈ దేశం రావడం మూడు నెలలకు గాని కుదరదు.

“మరి ముహూర్తం గొడవ లేకుండా అతను చెప్పిన గంటకే నడిపేయరాదా?” అన్నాను పరీక్షగా.

“నాకైతే ఫరవాలేదు మావయ్యా. మిషన్లు నడిపే మా యాదమ్మ ఒప్పుకోదు. ఆమె చెయ్యి పెట్టకపోతే అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరు.”

నాచారం

మంగళవారం ఉదయం తొమ్మిదికి అందరూ కర్మాగారంలో కలవాలని నిర్ణయం. సంధ్య వార్చుకొని, ఆటోలో ఒంటరిగా బయలుదేరి, ఎనిమిది యాభై ఎనిమిదికి నేను నాచారం పారిశ్రామిక వాడలో ఆ ఇనుప గేటు ముందు దిగాను. గాలిలో ఒక వైపు నుండి మందుల వాసన, మరొక వైపు నుండి బిస్కట్ల వాసన. గేటుకు తాళం. తాళం ముందు ఆరడుగుల తెల్లని మనిషి, చేతిలో పనిముట్ల పెట్టె, మెడలో తాడుకు కట్టిన చిన్న తాళంచెవి.

అతని పేరు మాటియాస్. కర్మాగారంలో అందరూ మత్తయ్య సార్ అంటారు. అతడు దానికి సంతోషంగానే పలుకుతాడు. నా ఇంగ్లీషు బడి ఇంగ్లీషు, అతనిది పని ఇంగ్లీషు. రెండూ కలిసి మాకు చాలినంత అయ్యాయి. అతడు చెప్పినదంతా ఇక్కడ తెలుగులోనే రాస్తాను.

మేమిద్దరం ఒకేసారి చేతి గడియారాలు చూసుకొన్నాం. రెండూ క్షణం తేడా లేకుండా సరిపోయాయి. ఆ వాడలో గంటను గంటగా ఎంచే మనుషులం మేమిద్దరమే అని ఇద్దరికీ అర్థమైంది. వయసులో ముప్పై ఏళ్ళ వ్యత్యాసం ఉన్నా, అక్కడికక్కడే చెలిమి కుదిరింది.

కాపలాదారు తొమ్మిదింబావుకు వచ్చి తాళం తీశాడు. యాదమ్మ తొమ్మిది నలభైకి వచ్చింది. ప్రభాకరం వచ్చేసరికి పది నలభై.

“మీ మేనల్లుడి ఇంట్లో ఎవరైనా చనిపోయారా?” అని మత్తయ్య నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు.

“అయ్యో, లేదే! ఎందుకు?”

“మా ఊళ్ళో ఒక మనిషి గంటా నలభై నిమిషాలు కనబడకపోతే మేము ఆసుపత్రికి ఫోన్ చేస్తాం.”

అతని జేబులో సన్నని పుస్తకం ఒకటి ఉంది. అందులో రెండు గళ్ళు: ఒకటి చెప్పిన సమయం, ఒకటి జరిగిన సమయం. పని మీద ఏ దేశం వెళ్ళినా మొదటి వారం ఇలా రాసుకుంటాడట. అలా రాసుకుంటే కోపం రాదు, లెక్క మాత్రమే మిగులుతుంది అన్నాడు. ఈ పద్ధతి నాకు మిక్కిలి నచ్చింది.

యాదమ్మ నల్లగొండ జిల్లా నుండి పాతికేళ్ళ కిందట వచ్చి నాచారంలో స్థిరపడిన మనిషి. యంత్రాల మీద ఆమెదే పైచేయి. ఆలస్యానికి కారణం అడగమని మత్తయ్య నన్ను కోరాడు. కోపంతో కాదు, పుస్తకంలో మూడవ గడి గీయవలసి వస్తుందేమోనని.

“పక్కింటి పిల్లకు నొప్పులొచ్చినయి పంతులుగారు. ఆటోల ఎక్కిచ్చి దవాఖానాల దింపొచ్చిన. ఇడిసిపెట్టి వస్తనా? మిషిన్‌కు నొప్పులు రావుగా, గది ఇయ్యాల గాకుంటె రేపు నడుస్తది.”

నేను అనువదించాను. మత్తయ్య పుస్తకంలో ఏదో రాసుకొని, “ఆడపిల్లా, మగపిల్లవాడా?” అని అడిగాడు.

“ఇంకా తెల్వది సార్. మద్యాన్నం ఫోన్ జేస్తరు.”

మధ్యాహ్నం ఆడపిల్ల అని కబురు వచ్చింది. మత్తయ్య దాన్ని కూడా రాసుకొన్నాడు.

భోజనాల వేళ యాదమ్మ తన డబ్బాలోని జొన్న రొట్టె, పచ్చిపులుసు నా వైపు జరిపింది. చింతపండును కాచకుండా పిసికి ఉల్లిపాయ వేసిన ఆ పులుసు మా వైపు లేదు. మా చారుకు అది తోబుట్టువు. కాకపోతే పొయ్యి ఎక్కే ఓపిక లేనిది. నేను రెండు రొట్టెలు తిన్నాను. అప్పుడు ఆమె కుడి చూపుడువేలు చూశాను. కొసన గోరు లేదు.

“పాత మిషిన్ పెట్టిన్నాడు అయ్యింది. ప్రభాకర్ సార్ ఏం జూడలే, ఏ గడియనో ఏందో, రాంగనే బటన్ నొక్కిండు. మొదటి గంటలనే నా ఏలు వొయ్యింది. సార్ మంచోడు, దవాఖానాల పక్కనే కూసున్నడు. గాని పంతులుగారు, గీసారి మాత్రం మంచి గడియల పెడితేనే నేను దానికి చెయ్యి పెడత. రాహుకాలంల పెడితే మాత్రం నన్ను అడుగొద్దు.”

నా నోటు పుస్తకం తీసి ఆమెకు చూపించాను. శుక్రవారం, దశమి, పునర్వసు నక్షత్రం. తొమ్మిది యాభై ఎనిమిదికి స్థిర లగ్నంలో ముహూర్తం. ఏ కారణం చేతనైనా ఆ నిమిషం తప్పితే పది నలభై ఆరు వరకు గడువు ఉంది. అక్కడి నుండి గంటన్నర రాహుకాలం. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం అని అందరూ కంఠస్థం చేసి చెప్పేది మోటు లెక్క. నాది సూక్ష్మగణితం అని కూడా చెప్పాను. రాహుకాలంలో కొత్త పని మొదలుపెట్టకూడదు గాని, ముందే మొదలైన పని సాగడానికి అడ్డు లేదని కూడా వివరించాను. ఆమె నిమిషాలను వేళ్ళ మీద లెక్కపెట్టుకొని తృప్తిగా తల ఊపింది.

పీర్జాదిగూడలో విందు

నా విడిది ప్రభాకరం ఇంట్లో, పీర్జాదిగూడలో ఐదో అంతస్తున. చుట్టూ ఇంకా కడుతున్న మేడలు. ఉదయం లేచి కిటికీ తీస్తే సూర్యుడి కంటే ముందు సిమెంటు కలిపే యంత్రం పలకరిస్తుంది. బుధవారం రాత్రి ఏడింటికి మత్తయ్యను భోజనానికి పిలిచారు.

సరిగ్గా ఏడింటికి తలుపు గంట మోగింది. అప్పటికి ప్రభాకరం కర్మాగారం నుండి రానే లేదు. అతని భార్య సుగుణ తలస్నానం చేసి తువ్వాలు చుట్టుకొని, పొయ్యి మీద పప్పు పెట్టి, వంకాయలు ముందేసుకొని కూర్చుంది. నేను పంచె మాత్రం కట్టుకొని, గాయత్రి మధ్యలో ఉన్నాను.

“మావయ్యగారూ! ఏడంటే ఏడింటికే వచ్చేశాడేంటండీ ఈయన!”

జపం మధ్యలో జవాబివ్వరాదు గనుక చేతితో తలుపు చూపించాను. ఆమె తువ్వాలుతోనే తలుపు తీసి, నమస్కారం పెట్టి, లోపలికి పరుగెత్తింది. మత్తయ్య ఆరు నలభైకే వచ్చి, ముందుగా రావడం కూడా మర్యాద కాదని, కింద ఇసుక గుట్ట చుట్టూ ఇరవై నిమిషాలు ప్రదక్షిణం చేశాడని తర్వాత తెలిసింది. బూట్ల నిండా ఇసుక.

కూర్చోబెట్టడానికి ఎవరూ లేక అతడు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. సుగుణ కాసేపు మొహమాటపడి, ఆ పైన తెగించి, చిక్కుడుకాయల పళ్ళెం చేతికిచ్చింది. యంత్రపు మరలు విప్పే శ్రద్ధతో అతడు ఒక్కొక్క కాయ నార తీశాడు. అన్నీ ఒకే కొలతకు విరిచాడు. “ఈయన్ని ఇక్కడే ఉంచేసుకుందాం మావయ్యగారూ” అంది సుగుణ.

ప్రభాకరం ఎనిమిదీ ఇరవై ఐదుకు వచ్చాడు. వడ్డన అయింది. మామిడికాయ పప్పు, గుత్తివంకాయ, చిక్కుడుకాయ వేపుడు, పక్కింటివారు పంపిన సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలూ నువ్వులూ వేసి గిన్నె అడుగున ఒత్తి కాల్చిన ఆ రొట్టె, మా తపేలా చెక్కకు దగ్గరి చుట్టం. మత్తయ్య మూడు ముక్కలు తిన్నాడు. తిన్నాక ప్రభాకరాన్ని చాలా మర్యాదగా అడిగాడు, ఏడింటికి పిలిచి ఎనిమిదిన్నరకు ఎందుకు వచ్చారని.

“బయల్దేరుతున్నాను, సరిగ్గా అప్పుడే రేకు సప్లై చేసే ఆయన వచ్చాడు. పదేళ్ళ స్నేహం. ఆయన టీ తాగుతుంటే నేను లేచి, నాకు టైమైంది అని ఎలా వెళ్ళను? ఎదురుగా కూర్చున్న మనిషి కంటే గోడ మీద గడియారం ఎక్కువా?”

నేను అనువదించాను. మత్తయ్య చేయి కడుక్కొని వచ్చి నెమ్మదిగా అన్నాడు: “నేను కూడా ఎదురుగానే కూర్చున్నాను. మీ ఖాళీ కుర్చీకి ఎదురుగా.”

ఆ మాటను తెలుగులోకి తేవడానికి నాకు కొంత సమయం పట్టింది. ప్రభాకరం ముఖం వాడింది. తన దేశంలో ఆలస్యంగా రావడమంటే ఎదుటివాడి ఆయుష్షులోంచి ఒక ముక్క అడగకుండా తీసుకోవడమేనని మత్తయ్య వివరించాడు; నొప్పించాలని కాదు, తెలుసుకోవాలని అడిగానన్నాడు.

సుగుణ మజ్జిగ పోస్తూ అందుకుంది. “ఆయనకి ఇది కూడా చెప్పండి మావయ్యగారూ. ఏడని పిలిస్తే ఏడింటికే వస్తే, ఇల్లాలి బండారం బయట పెట్టడానికి వచ్చినట్టుంటుంది. చీర మార్చుకోవద్దా? ఇల్లు ఊడ్చుకోవద్దా? చెప్పిన టైముకి కొంచెం అటుగా రావడం మాకు ఉపకారం!”

ఈ మాట మత్తయ్యను నిజంగా ఆశ్చర్యపరిచింది. పిలిచినవారికి ఇబ్బంది కలగకుండా ఆలస్యంగా రావడం ఒక మర్యాద కాగలదని అతడు ఏ దేశంలోనూ వినలేదట. పుస్తకం తీసి, ఆ పూట గళ్ళలో కాక, కింద ఖాళీలో రెండు వాక్యాలు రాసుకొన్నాడు. అవేమిటో నేను అడగలేదు. అడిగి ఉండవలసింది.

టీ కొట్టు దగ్గర

గురువారం సాయంత్రానికి యంత్రం పూర్తిగా బిగిసింది. కర్మాగారం ఎదుటి టీ కొట్టు దగ్గర యాదమ్మ మత్తయ్యకు తెలుగు నేర్పుతున్నది.

“ఎవలన్న ఫోన్ జేసి యాడున్నవ్ అంటే ఏమనాలె సార్? రెండు నిమిషాలే! అను, రెండు నిమిషాలే.”

“రెండు నిమిషాలే” అన్నాడు మత్తయ్య, చెయ్యి ఊపుతూ, ఆమె ఎలా ఊపిందో అలాగే.

“శబాష్! జర నవ్వుకుంట అనాలె. నవ్వకుంటె నిజమనుకుంటరు.”

ప్రభాకరం నన్ను పక్కకు తీసుకుపోయాడు. రేపు ముహూర్తం తొమ్మిది యాభై ఎనిమిదికి కదా, పనివాళ్ళకు ఎనిమిదిన్నర అని చెప్పానన్నాడు. పురోహితుడికి ఎనిమిది అని చెప్పాడట. ఈ నగరంలో ఎవరైనా ఒక గంట కలుపుకొని చెబుతారు. వినేవాడు ఆ గంట తీసేసుకొని వింటాడు. అందువల్ల మరికొంత కలపాలి.

“మత్తయ్యకు ఏం చెప్పావు?”

“మీరే చెప్పండి మావయ్యా. మీ మాట వింటాడు.”

ఇక్కడ నా తప్పు మొదలైంది. నా జీవితంలో ముహూర్తం విషయమై ఎవరికీ ఒక్క విఘడియ అబద్ధం చెప్పలేదు. కానీ నాలుగు రోజులుగా పీల్చిన గాలి నా మీద కూడా పని చేసింది. అన్నిటికీ మంచిదని, మత్తయ్య దగ్గరికి వెళ్ళి, రేపు తొమ్మిదింటికి పూజ అని చెప్పాను. ముహూర్తపు నిమిషం చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు అనదగిన మనిషి ఆ వాడంతటికీ అతనొక్కడే. ఆ ఒక్కడికీ నేను కలిపి చెప్పాను.

“తొమ్మిది” అని అతడు పుస్తకంలో రాసుకొని, నాకేసి చూసి చిరునవ్వు నవ్వాడు. ఆ చిరునవ్వులో ఏదో కొత్తది ఉంది. నాకు పట్టలేదు.

శుక్రవారం

దశమి నాడు నాచారంలో ఒక అద్భుతం జరిగింది. ముహూర్తం అనేసరికి పనివాళ్ళందరూ తొమ్మిదికే వచ్చేశారు. యాదమ్మ ఎనిమిదిన్నరకే, పట్టుచీరతో, బంతిపూల గంపతో వచ్చి, యంత్రానికి పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, బయట తిరిగే చక్రాల కింద నిమ్మకాయలు ఉంచింది. ప్రభాకరం సైతం వేళకు ఉన్నాడు. పురోహితుడు గణపతి పూజ ముగించాడు.

మత్తయ్య లేడు. యంత్రాన్ని మొదటిసారి నడిపే తాళంచెవి అతని మెడలో ఉంది.

తొమ్మిదిన్నరకు ప్రభాకరం ఫోన్ చేశాడు. మాట మాకందరికీ వినబడింది. “రెండు నిమిషాలే!” అని మత్తయ్య నవ్వుతూ చెప్పి పెట్టేశాడు. పళ్ళాల చప్పుడు కూడా వినబడింది. ఎక్కడో ఫలహారం చేస్తున్నాడు.

తొమ్మిది యాభై ఎనిమిది వచ్చింది, పోయింది. పురోహితుడు కొత్త మంత్రాలు వెదుక్కోసాగాడు. పదీ పదికి మళ్ళీ ఫోన్. “దగ్గర్నే ఉన్న!”

“మత్తయ్య సార్ పూరా మనోడయిండు” అంది యాదమ్మ. అందరూ నవ్వారు. ప్రభాకరం నవ్వలేదు. పన్నెండుంబావుకు మత్తయ్యను విమానాశ్రయానికి తీసుకుపోయే కారు గేటు దగ్గరికి వస్తుంది. మధ్యలో పూర్తి గంట యంత్రం ఆగకుండా నడవాలి. రాహుకాలం దాటాక మొదలుపెడదామంటే, అప్పటికి అతడు గేటు దాటి ఉంటాడు.

పదిన్నరకు ఫోన్ ఎత్తలేదు. పది నలభైకి ఎత్తలేదు. నేను నా గడియారం ముల్లునే చూస్తూ కూర్చున్నాను. పది నలభై ఆరు. ప్రభాకరం గోడకు ఆనుకొని కిందికి జారి కూర్చున్నాడు. “అయిపోయింది మావయ్యా.”

పది నలభై తొమ్మిదికి గేటు దగ్గర ఆటో ఆగింది. తెల్లని చొక్కా, చేతిలో మిఠాయి పెట్టె, ముఖం నిండా వెలుగు. పరీక్షలో మొదటి మార్కు తెచ్చుకొన్న విద్యార్థి నడకతో మత్తయ్య లోపలికి వచ్చాడు. మా ముఖాలు చూశాక ఆ నడక ఆగింది.

విషయం మూడు వాక్యాలలో చెప్పాను. అతడు పుస్తకం తీసి చూపిస్తూ చెప్పాడు. నాలుగు రోజులలో ఈ కర్మాగారపు సగటు ఆలస్యం గంటా నలభై నిమిషాలు. తొమ్మిది అన్నారు కనుక పది నలభై. ముందుగా వస్తే మీకు ఇబ్బంది అని సుగుణగారు చెప్పారు. ఈ ఒక్కసారైనా మీ మర్యాద పాటించాలనుకొన్నాను. ఉప్పల్ దగ్గర దారి మూసుకుపోయింది, ఆ హారన్ల మోతలో ఫోన్ వినబడలేదు. “నిజమైన సమయం నాకెందుకు చెప్పలేదు?” అని అడిగాడు. కోపం లేదు, దిగులు మాత్రమే ఉంది.

ప్రభాకరం ఒక్క ఉదుటున లేచాడు. “ఏదైతే అదయింది. స్టార్ట్ చేసేద్దాం.”

యాదమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. కుడి చేయి కొంగులో దాచుకొంది. “సార్, మీరు నొక్కుండ్రి. నేను మాత్రం రాను.” ఆమె వెనక మిగిలినవారూ జరిగారు. ప్రభాకరం ఆ కొంగు వంక చూసి, మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళాడు.

ఇంజనీరు కనుక మత్తయ్యకు ఏడవడం చేతకాదు, లెక్క అడగడం చేతనవును. “ఆ చెడు సమయాన్ని ఎలా లెక్కిస్తారు?” అన్నాడు.

“సూర్యోదయం నుండి అస్తమయం దాకా పగటిని ఎనిమిది భాగాలు చేస్తాం. శుక్రవారం నాడు నాలుగో భాగం రాహువుది.”

“సూర్యోదయం ఏ ఊరిది?”

నేను నోరు తెరిచాను. మూయలేదు.

నా నోటు పుస్తకం రేపల్లెలో, నా అరుగు మీద, నా ఊరి ఉదయానికి కట్టిన లెక్క. మా తండ్రిగారూ అలాగే కట్టేవారు. మేము ఏనాడూ ముహూర్తాన్ని ఊరు దాటించినవారం కాము. రేపల్లె తూర్పున ఉంది. సముద్రం పక్కన సూర్యుడు మాకు ముందు కనబడతాడు. ఆయన నాచారం చేరడానికి మరికొంత సేపు పడుతుంది. పుస్తకం వెనక అట్ట మీద గబగబా లెక్క వేశాను. రేఖాంశాల తేడా రెండు భాగలకు, అంటే డిగ్రీలకు, పైన. భాగకు నాలుగు నిమిషాలు. తొమ్మిది నిమిషాలు.

గడియారంలో పది యాభై ఒకటి.

ఇప్పుడు రాసేటప్పుడు సులువుగానే ఉంది గాని, అప్పుడు చెప్పడం సులువు కాలేదు. నాలుగు రోజులుగా ఆ వాడ మొత్తానికి నిమిషాల విలువ మీద ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. మోటు లెక్కలని నవ్వినవాణ్ణి. నేను చెప్పిన ప్రతి గడియా తొమ్మిది నిమిషాలు తప్పు. పైగా ఇప్పుడు సరిదిద్దితే, మేనల్లుడి కోసం శాస్త్రాన్ని సాగదీశాడని అనరా? ఊరుకుంటే, నా పాండిత్యం నిలుస్తుంది. వాడి యంత్రం నిలిచిపోతుంది.

“యాదమ్మా,” అన్నాను, “నేను తప్పు లెక్క వేశాను. ఇది మా ఊరి లెక్క. ఇక్కడ రాహుకాలం పది యాభై ఐదుకు గాని రాదు. ఇంకా మూడు నిమిషాలుంది. నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం, వేలు నీది.”

ఆమె నా ముఖంలోకి చూసింది. అంతసేపు నన్ను ఏ విద్యార్థీ, ఏ అధికారీ చూడలేదు.

“అంటే తొమ్మిది యాభై ఎనిమిది గూడ తప్పేనా పంతులుగారు? పొద్దుగాల మత్తయ్య సార్ వచ్చి మీరు చెప్పిన నిమిషానికి నొక్కినా గడియ తప్పేది గదా?”

“తప్పేది.”

“గట్లనా!” ఆమె కొంగు నడుముకు దోపింది. “అందరి ముంగట తప్పు నాదే అన్నోడు అబద్ధమెందుకు చెప్తడు? జరుగుండ్రి, జరుగుండ్రి. ప్రభాకర్ సార్, నిలబడి సూస్తవేంది, కొబ్బరికాయ కొట్టు! మత్తయ్య సార్, తాళం!”

కొబ్బరికాయ ఒక్క దెబ్బకు పగిలింది. మత్తయ్య తాళం తిప్పాడు. యాదమ్మ గోరులేని ఆ వేలితోనే పచ్చ బటన్ నొక్కింది. నిమ్మకాయలు నలిగాయి. పది యాభై మూడు నిమిషాల ఇరవై క్షణాలు. మత్తయ్య గడియారంలోనూ నా గడియారంలోనూ.

ఆ గంట నేను కూర్చోలేదు. యంత్రం మధ్యలో ఆగితే రాహుకాలంలో మళ్ళీ మొదలుపెట్టడానికి వీలు లేదు. రేకు చుట్ట సన్నబడిన ప్రతిసారీ యాదమ్మ తర్వాతి చుట్టను ముందే అతికించి సిద్ధంగా ఉంచింది. మత్తయ్య వంగి చెవితో వింటూ ఒక మర బిగించాడు. ప్రభాకరం మూడుసార్లు ఫోన్ మోగినా ఎత్తలేదు, గేటు దగ్గరికి ఎవరో పాత స్నేహితుడు వస్తే కూర్చోబెట్టమని కబురంపి తాను కదలలేదు. షీట్లు ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉన్నాయి. పదకొండు యాభై మూడు దాటాక మత్తయ్య లేచి, నడుము పట్టుకొని, సంతకం పెట్టాడు.

కారు పన్నెండుంబావుకు రావలసింది. రాలేదు. ప్రభాకరం ఫోన్ చేస్తే, దగ్గర్నే ఉన్న అన్నాడు డ్రైవరు. యాదమ్మ బల్ల మీద మిఠాయి పెట్టె విప్పింది. మత్తయ్య నా పక్కన కూర్చొని, సూర్యోదయం లెక్క ఎలా కట్టాలో చెప్పమన్నాడు. పన్నెండు ముప్పై ఐదుకు కారు వచ్చేదాకా చెప్పాను.

ఆదివారం, ద్వాదశి నాడు నేను రేపల్లె చేరాను. ఆ మరునాడు నమూనా షీట్లూ అంగీకార పత్రమూ మందుల సంస్థకు అందాయి. ఫాల్గుణ బహుళ పంచమి, సోమవారం నాడు వారు ఆ పనిని ప్రభాకరానికి ఇచ్చారు. చైత్ర శుద్ధ విదియ నుండి యంత్రం రోజుకు రెండు షిఫ్టులు నడుస్తున్నది. మొదటి షిఫ్టు యాదమ్మది.